అపార్ట్‌మెంట్‌లో గ్యాస్ మానేసి పూర్తిగా కరెంటు పొయ్యికి మారొచ్చా? మారినవాళ్లు చెప్పండి

నిజాంపేట_ఫ్లాట్

అందరికీ నమస్కారం. మాది నిజాంపేటలో రెండు పడకగదుల ఫ్లాట్. పాత ఐదంతస్తుల బిల్డింగ్. మేమిద్దరం, అత్తయ్య, ఇద్దరు పిల్లలు. సిలిండర్ ఇంచుమించు నెలన్నర వస్తుంది. కరెంటు మామూలు నెలల్లో 180 యూనిట్ల దగ్గర ఆగుతుంది, ఏసీ వేసే నెలల్లో 260 దాకా పోతుంది.

మా చిన్నవాడికి ఉబ్బసం. వంటిల్లు ఇరుకు. ఉన్న ఒక్క కిటికీ యుటిలిటీలోకి తెరుచుకుంటుంది, దానికి అవతల పక్క బిల్డింగ్ గోడ. ఈమధ్య చూపించుకోవడానికి వెళ్తే, ఇంట్లో పొగ ఎంత తగ్గిస్తే అంత మంచిదన్నారు డాక్టరు గారు. అప్పటినుంచి గ్యాస్ మానేద్దామనే ఆలోచన. పాలకీ టీకీ ఇండక్షన్ స్టవ్ ఇప్పటికే వాడుతున్నాం. వంటంతా దాని మీదే చేస్తే బిల్లు ఎంత పెరుగుతుంది, వైరింగ్ తట్టుకుంటుందా, మన వంటలు కుదురుతాయా అన్నవి నా అనుమానాలు. మావారికి బిల్లు భయం, అత్తయ్యకు వంకాయ పచ్చడి బెంగ. కంపెనీల ప్రకటనలు చాలా చూశాను. ఇళ్లలో నిజంగా వాడుతున్నవాళ్లు చెబితే వినాలని ఉంది.

రిటైర్డ్_ఏఈ_హనుమకొండ

అమ్మా, ముందు లెక్క తేల్చుకుందాం. కరెంటు ఆఫీసులో అసిస్టెంట్ ఇంజినీరుగా (ఏఈ) నా సర్వీసంతా ఈ బిల్లుల మధ్యే గడిచింది.

14.2 కిలోల గ్యాస్‌లో ఉన్న వేడిని కరెంటు భాషలో చెబితే సుమారు 180 యూనిట్లు. అదంతా గిన్నెకు చేరదు. కొత్త గ్యాస్ స్టవ్‌కు ల్యాబులో కనీసం 68 శాతం సామర్థ్యం ఉండాలని భారత ప్రమాణాల సంస్థ (బి.ఐ.ఎస్.) నియమం. మన ఇళ్లలో మంట గిన్నె పక్కలకు ఎక్కుతుంది, బర్నరు రంధ్రాలు పూడుకుపోతాయి, అందుకని 60 శాతం అనుకోండి. అంటే గిన్నెకు చేరేది 108 యూనిట్ల వేడి. ఇండక్షన్‌లో 85 శాతం దాకా గిన్నెకే పోతుంది కాబట్టి అదే వంటకు 125 యూనిట్లు, అటూఇటూగా. మీకు సిలిండర్ నెలన్నర వస్తోంది కనుక నెలకు 83 యూనిట్లు అదనం.

ఇక స్లాబులు. తెలంగాణలో నెలకు 200 లోపు వాడితే మొదటి 100 యూనిట్లకు 3.40, తర్వాతి 100 కి 4.80. మీ 180 యూనిట్లకు 724 రూపాయలు. దానికి 83 కలిపితే 263. మీటరు 200 దాటగానే మొదటి 200 యూనిట్ల రేటు కూడా మారిపోయి మొత్తానికి 5.10 పడుతుంది. అది 1020. పైన ఉన్న 63 కి 7.70 చొప్పున 485. అంతా కలిపి 1505. అంటే వంటకు వాడిన 83 యూనిట్లకు మీరు కట్టేది 781 రూపాయలు. యూనిట్ తొమ్మిది రూపాయల పైమాటే.

గ్యాస్ వైపు చూడండి. హైదరాబాద్‌లో 2025 ఏప్రిల్‌లో పెరిగినప్పుడు సిలిండర్ 905 అయింది, ఆ ధరతోనే లెక్క వేస్తున్నాను. నెలన్నరకు పంచితే నెలకు 603. పూర్తిగా మారితే నెలకు 180 రూపాయల దాకా మీకే ఎక్కువ పడుతుంది. గ్యాస్ ధర మారితే ఆ ఒక్క అంకె మార్చుకుని మళ్లీ లెక్క వేసుకోండి. ఏసీ నెలల్లోనూ ఇంతే: 260 నుంచి 343 కి పోతే అదనం 695.

అదే నెలకు 100 యూనిట్లే వాడే ఇల్లయితే కథ వేరు. వాళ్లకు ఇప్పుడు 252 వస్తుంది. 83 కలిసి 183 అయితే 738. అదనం 486, గ్యాస్ మీద మిగిలేది 603. వాళ్లకు లాభమే. ఇండక్షన్ చవకా గ్యాస్ చవకా అని ఎవరు అడిగినా ముందు మీ బిల్లు మీద యూనిట్లు ఎన్నో చెప్పమంటాను. స్టవ్ కంపెనీని బట్టి కాదు, మీరున్న స్లాబును బట్టి జవాబు మారుతుంది.

ఈ లెక్కలో ఎనర్జీ చార్జీలు మాత్రమే ఉన్నాయి. సుంకం, కస్టమర్ చార్జీ కలపలేదు.

నిజాంపేట_ఫ్లాట్

చాలా ధన్యవాదాలు సార్. 200 దాటితే కింది యూనిట్లకు కూడా రేటు మారుతుందని ఇప్పుడే తెలిసింది. మరి 200 లోపే ఉండేలా సగం వంట మారిస్తే?

రిటైర్డ్_ఏఈ_హనుమకొండ

అదే మంచి దారి. సరిగ్గా 200 కి బిల్లు 820. 201 కి 1027.70. ఆ ఒక్క యూనిట్ ఖరీదు 207 రూపాయలన్నమాట. మీకు 180 నుంచి 200 దాకా ఉన్న 20 యూనిట్లు 4.80 కే వస్తాయి. గ్యాస్‌తో అదే వేడి తెచ్చుకోవడానికి ఏడు రూపాయల పైన అవుతుంది. అందుకని ఆ ఇరవై తప్పకుండా వంటకే వాడండి. ఇంట్లో పాత ఫ్యాన్లుంటే తీసేసి, తక్కువ కరెంటు తీసుకునే బి.ఎల్.డి.సి. రకం ఫ్యాన్లు వేయండి. మామూలు ఫ్యాన్ 75 వాట్లు తీసుకుంటే ఇది 30 లోపు తీసుకుంటుంది. మూడు ఫ్యాన్లు రోజుకు పన్నెండు గంటలు తిరిగే ఇంట్లో నెలకు దగ్గర దగ్గర 50 యూనిట్లు మిగులుతాయి. ఆ యూనిట్లతో పప్పూ అన్నం ఉడికిపోతాయి.

మల్కాజిగిరి_అద్దెకు

సార్ చెప్పింది మాలాంటివాళ్లకు ఇంకా గట్టిగా తగులుతుంది. మాకు తెల్ల రేషన్ కార్డు ఉంది. గృహజ్యోతి కింద 200 యూనిట్ల దాకా జీరో బిల్లు. ఒక్క యూనిట్ దాటినా ఆ నెల మొత్తం బిల్లు కట్టాలి. సిలిండరేమో మహాలక్ష్మి కింద 500 కే పడుతుంది, ముందు పూర్తి డబ్బు కడితే మిగతాది ఖాతాలో వేస్తారు. ఇంత చవకగా గ్యాస్ దొరుకుతుంటే కరెంటుకు ఎవరు మారతారండీ?

అయినా మేము కొంత మారాం. మా వాడకం 130 దగ్గర ఉంటుంది. మిగిలిన యూనిట్లు ఎటూ ఉచితమే కదా అని అన్నం రైస్ కుక్కర్‌లో, పప్పు, టీ ఇండక్షన్ మీద పెడుతున్నాం. సిలిండర్ ఇదివరకటి కంటే బాగా ఎక్కువ రోజులు వస్తోంది. రీడింగ్ తీసే రోజులు దగ్గర పడితే మాత్రం మా ఆవిడ రోజూ మీటరు చూసి వస్తుంది. 190 కనపడితే ఇక అంతా గ్యాస్ మీదే. ప్రతినెలా ఇదే టెన్షన్.

ఇంకో మాట. ఈ పద్ధతి ఎవరి మీటరు వాళ్లకు ఉన్నచోటే కుదురుతుంది. మా వీధిలో చాలా ఇళ్లలో ఓనరుకు ఒక్క మీటరు, పోర్షన్లకు సబ్ మీటర్లు. ఓనరు యూనిట్‌కు ఎంత చెబితే అంత. ఆ ఇళ్లలో ఇండక్షన్ పెట్టుకోవాలంటే ముందు ఓనరు గారి అనుమతి కావాలి.

పటమట_బెజవాడ

మా వైపు లెక్క వేరేగా ఉంటుంది. ఆంధ్రలో స్లాబు దాటితే దాటిన యూనిట్లకే ఎక్కువ రేటు, కింది యూనిట్ల రేటు మారదు. మొదటి 30 కి 1.90, తర్వాత 75 దాకా 3, 125 దాకా 4.50, 225 దాకా 6, 400 దాకా 8.75. నెలకు 150 వాడే ఇంటికి వంట 83 యూనిట్లు కలిస్తే అదనం 520. ఆ పైన సర్దుబాటు చార్జీలని వచ్చి పడతాయి, అవి కలిపితే మిగులు కనపడదు. దీపం-2 పథకం కింద ఏడాదికి మూడు సిలిండర్లు ఉచితంగా వచ్చే కుటుంబాలకైతే గ్యాస్ వదిలే ఆలోచనే రాదు.

డబ్బు సంగతి అలా ఉంచండి. 2024 సెప్టెంబరులో బుడమేరు వాగు పొంగినప్పుడు సింగ్‌నగర్‌లో మా చెల్లెలి వాళ్లుండేది రెండో అంతస్తు. కింద నీళ్లు, రోజుల తరబడి కరెంటు లేదు. సిలిండర్ ఉండబట్టి పిల్లలకు పాలు కాచుకున్నారు, అన్నం వండుకున్నారు, ఎదురు ఫ్లాట్ వాళ్లకూ పెట్టారు. మారండి, కాదనను. కానీ ఒక సిలిండర్ ఇంట్లో ఉంచుకోండి.

వైరింగ్_పని_ఉప్పల్

నేను ఎలక్ట్రీషియన్‌ని. ఇక్కడ అందరూ బిల్లు గురించే మాట్లాడుతున్నారు. నేను రోజూ చూసేది చెబుతాను.

2000 వాట్ల ఇండక్షన్ స్టవ్ 230 వోల్టుల దగ్గర 8.7 ఆంపియర్లు లాగుతుంది. మన వంటిళ్లలో గట్టు మీద ఉండేవి ఎక్కువగా 6 ఆంపియర్ల సాకెట్లు, మిక్సీ కోసం పెట్టినవి. స్టవ్ ప్లగ్గు లావు పిన్నులది, అందులో పట్టదు. బజారులో కన్వర్టర్ ప్లగ్గు తెచ్చి పెట్టేస్తారు. టీ కాచినంతసేపు ఏమీ కాదు. అరగంట పప్పు, తర్వాత కూర, ఆ వెంటనే సాంబారు పెడితే బోర్డు వేడెక్కుతుంది. మొన్న ఒక ఇంట్లో బోర్డు విప్పాను. స్విచ్చు వెనక స్క్రూ దగ్గర వైరు తొడుగు గోధుమరంగుకు తిరిగి, గోరు పెడితే పొడిపొడిగా రాలింది. లోపల ఉన్నది 1 చదరపు మిల్లీమీటరు వైరు, అదీ ఫ్రిజ్ పాయింటు నుంచి లాగినది. వాళ్లు అనుకున్నది స్టవ్ చెడిపోయిందని!

నిజాంపేట మేడం గారూ, మీరు చేయించాల్సింది చెబుతాను. డిస్ట్రిబ్యూషన్ బోర్డు నుంచి వంటగట్టు దాకా వేరే లైను వేయించండి, ఒక్క ఈ స్టవ్ కోసమే. 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి వైరు, 16 ఆంపియర్ల సాకెట్, దానికి సొంత ఎం.సి.బి. (లోడు మించితే తనంతట తానే ఆగిపోయే స్విచ్చు). రెండు పొయ్యిలున్న 3500 వాట్ల హాబ్ పెట్టే ఉద్దేశం ఉంటే 4 చదరపు మిల్లీమీటర్లు. గోడ పగలగొట్టనక్కర్లేదు, పీవీసీ కేసింగ్‌లో పైనుంచి లాగొచ్చు. కరెంటు లీకైతే వెంటనే లైను ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. లేకపోతే అదీ పెట్టించండి.

ఎర్త్ చూపించుకోవడం మర్చిపోవద్దు. పాత అపార్ట్‌మెంట్లలో సాకెట్‌కు మూడో రంధ్రం ఉంటుంది, వెనక వైరే ఉండదు. వంటింట్లో తడి చేతులతో పని. ఎర్త్ సరిగా లేని ఇంట్లో నేను ఈ స్టవ్‌కు పాయింట్ వేయను.

బాగ్‌లింగంపల్లి_2బీ

అన్నా, మాకు రైస్ కుక్కర్, ఇండక్షన్ రెండూ ఒకే ఎక్స్‌టెన్షన్ బాక్స్ మీద ఉన్నాయి. మంచి కంపెనీదే. పర్వాలేదా?

వైరింగ్_పని_ఉప్పల్

ఈరోజే తీసేయండి అన్నా. ఎక్స్‌టెన్షన్ బాక్సులు చాలావరకు 6 ఆంపియర్లవే, మహా అయితే 10. రెండూ కలిసి ఆన్ అయితే 12 దగ్గరికి పోతుంది. రైస్ కుక్కర్ మామూలు సాకెట్‌లో పెట్టుకోవచ్చు, అది 700 వాట్లే. ఇండక్షన్‌ను మాత్రం నేరుగా 16 ఆంపియర్ల సాకెట్‌లోనే పెట్టండి.

అమ్మమ్మ_వంట_రాజమండ్రి

తల్లీ, వంట సంగతి నేను చెబుతాను. మా అబ్బాయి కొనిచ్చాక మొదట్లో నాకూ నచ్చలేదు, ఇప్పుడు అలవాటైపోయింది.

గిన్నెల దగ్గర మొదలుపెట్టు. ఫ్రిజ్ మీద అంటించే అయస్కాంతం తీసుకుని ఒక్కో గిన్నె అడుగున పెట్టి చూడు. గట్టిగా పట్టుకుంటే పనికొస్తుంది. అల్యూమినియం, ఇండాలియం, ఇత్తడి, కంచు, రాగి, మట్టి కుండ ఏవీ పనికిరావు. స్టీలులో కూడా కొన్నే. ఇనప మూకుడు, ఇనప పెనం భేషుగ్గా పనిచేస్తాయి, అడుగు సమంగా ఉంటే చాలు. పాత గిన్నెలు వదులుకోలేనంటే ఇన్‌ఫ్రారెడ్ పొయ్యి ఉంది, దాని మీద ఏదైనా పెట్టొచ్చు. అయితే గాజు కాలిపోతూ ఉంటుంది, తీసిన తర్వాత కూడా చాలాసేపు వేడి వదలదు. చిన్నపిల్లలున్న ఇంట్లో నేనైతే పెట్టను.

పప్పు, అన్నం, ఇడ్లీ, సాంబారు, పులుసు, ఉప్మా వీటికి ఢోకా లేదు. నీళ్లు మరగడం చూస్తే ఆశ్చర్యంగా ఉంటుంది, లీటరు నీళ్లు మూడు నాలుగు నిమిషాల్లో తెర్లుతాయి. పాలకు టైమరు పెట్టుకుంటే పొంగవు. పోపు దగ్గర చేయి తిరగాలి. గ్యాస్ మీద మంట చూసి తగ్గిస్తాం కదా, ఇక్కడ మంట కనపడదు. నూనె వేసి 1600 మీద పెడితే ఆవాలు చిటపటమనేలోపే మెంతులు మాడిపోతాయి. 800 దగ్గర మొదలుపెట్టి, ఆవాలు చిటపటలాడగానే ఆపేసి, మిగిలిన వేడిలోనే మినప్పప్పు, ఎండుమిర్చి, చివర ఇంగువ, కరివేపాకు వేయి. అడుగు మందం గిన్నె అయితే ఆ వేడి చాలు.

దోసెకు ఓపిక కావాలి. లోపలి కాయిల్ జానెడు కూడా ఉండదు, పెనం దానికంటే పెద్దది. తొందరపడి ఎక్కువలో పెడితే మధ్యలో నల్లగా, అంచుల్లో తెల్లగా వస్తుంది. మందపాటి ఇనప పెనాన్ని తక్కువలో ఐదారు నిమిషాలు వదిలేస్తే వేడి అంతటా పాకుతుంది, పెసరట్టు కూడా ఎర్రగా వస్తుంది. చవక స్టవ్‌లు తక్కువ వాట్లలో ఆగుతూ వెలుగుతూ ఉంటాయి, పాలకోవా, పాకం లాంటి వాటికి అవి బాగుండవు. కొనేటప్పుడు సన్న సెగ ఆగకుండా ఇస్తుందా అని అడుగు.

పుల్కా నేరుగా మంట మీద పొంగించలేవు. పెనం మీదే గుడ్డతో అంచులు నొక్కితే పొంగుతుంది. వంకాయ కాల్చి చేసే పచ్చడి విషయంలో మాత్రం మీ అత్తగారి మాటే నిజం. నూనె రాసి పెనం మీద మగ్గించినా ఆ పొగవాసన రాదు. అప్పుడప్పుడూ దానికి గ్యాస్ వెలిగించుకోండి. అరిసెలు, సకినాలు ఎటూ బయట పెద్ద పొయ్యి మీదే కదా.

ఇంట్లో ఎవరికైనా గుండెలో పేస్‌మేకర్ ఉంటే వెలిగించిన స్టవ్‌కు రెండడుగుల దూరంలో ఉండమని చెప్పు. డాక్టరును కూడా అడిగి నిర్ధారించుకోండి.

సీతమ్మధార_విశాఖ

పర్యావరణం కోసం మారుతున్నామనుకునేవాళ్లకు ఒక అప్రియమైన లెక్క చెప్పాలి. ఒక సిలిండర్ మండితే సుమారు 42 కిలోల కార్బన్ డయాక్సైడ్. అదే వంటకు 125 యూనిట్లు వాడితే, మన దేశపు గ్రిడ్ సగటు యూనిట్‌కు 0.7 కిలోల పైన ఉంది కాబట్టి, 90 కిలోల దాకా. కారణం బొగ్గు. సింహాద్రి, రామగుండం, మణుగూరు ప్లాంట్ల కరెంటుతో వండితే పొగ మన వంటింటి నుంచి వాళ్ల ఊరికి పోతుంది. గ్రిడ్‌లో సౌర, పవన విద్యుత్తు పెరిగేకొద్దీ ఈ అంకె తగ్గుతుంది. ఈరోజుకు మాత్రం ఇదీ స్థితి.

మరో పక్క, గ్యాస్ మనది కాదు. దేశం వాడే ఎల్.పి.జి.లో దాదాపు 60 శాతం దిగుమతి, అందులో ఎక్కువ భాగం గల్ఫ్ నుంచే. బొగ్గు, ఎండ మన దగ్గరున్నాయి. ప్రభుత్వాలు కరెంటు వంట అంటున్నది ప్రధానంగా ఇందుకే. 2023 నవంబరులో ఇ.ఇ.ఎస్.ఎల్. అనే ప్రభుత్వరంగ ఇంధన పొదుపు సంస్థ ద్వారా 20 లక్షల ఇండక్షన్ స్టవ్‌లు పంచుతామని జాతీయ కార్యక్రమం ప్రకటించారు.

పటమట వారు చెప్పిన దానికి నేనూ ఓటు వేస్తాను. 2014 అక్టోబరు 12 న హుద్‌హుద్ తుపాను వచ్చాక విశాఖలో స్తంభాలు వరసగా పడిపోయాయి. కరెంటు రావడానికి కొన్ని కాలనీల్లో వారం పైన పట్టింది. తీరం ఊళ్లలో రెండో పొయ్యి ఉండి తీరాలి.

నాగోల్_సోలార్

సీతమ్మధార గారి లెక్క గ్రిడ్ కరెంటుకు సరే. పైకప్పు మీద సోలార్ ఉన్నవాళ్లకు వర్తించదు. మాది ఇండిపెండెంట్ ఇల్లు. 3 కిలోవాట్లు పెట్టించాం, పీఎం సూర్యఘర్‌లో 78 వేలు సబ్సిడీ వచ్చింది. కిలోవాట్‌కు నెలకు 120 యూనిట్ల లెక్కన 360 దాకా వస్తాయి, వానాకాలంలో తగ్గుతాయి. మధ్యాహ్నం గ్రిడ్‌కు పోయినది, పొద్దున సాయంత్రం వంటకు తీసుకున్నది నెట్ మీటరులో సర్దుకుంటాయి. మాకు 200 గీత గొడవ లేదు. వంట దాదాపు అంతా కరెంటు మీదే.

అయితే కరెంటు పోతే ఈ సోలార్ కూడా ఆగిపోతుంది. లైన్‌మెన్ భద్రత కోసం అలాగే తయారు చేస్తారు. బ్యాటరీ లేకపోతే ఎండ కాస్తున్నా స్టవ్ వెలగదు.

నిజాంపేట_ఫ్లాట్

మాకు టెర్రస్ అందరిదీ అండీ. నలభై ఫ్లాట్లకు పంచితే తలా ఎంత చోటు వస్తుంది?

నాగోల్_సోలార్

నిజమే. అపార్ట్‌మెంట్ సంఘాలకు కిలోవాట్‌కు 18 వేల సబ్సిడీ ఉంది, కానీ అది లిఫ్ట్, మోటారు, కారిడార్ లైట్ల లాంటి ఉమ్మడి వాడకానికి. మెయింటెనెన్స్ తగ్గుతుంది, మీ వంటింటి మీటరు తగ్గదు. నగరాల్లో ఎక్కువమంది ఉండేది ఫ్లాట్లలోనే. ఉమ్మడి టెర్రస్ మీద పుట్టిన కరెంటును ఫ్లాట్ల మీటర్లకు పంచే ఏర్పాటు లేనిచోట సోలార్ వంట ఇండిపెండెంట్ ఇళ్ల వరకే.

పైప్‌గ్యాస్_వాడుతున్నాం

ఇంత శ్రమ ఎందుకని నా ప్రశ్న. మా కాలనీకి భాగ్యనగర్ గ్యాస్ పైపు వచ్చింది. బుకింగ్ లేదు, మోయడం లేదు, వాడినంతకే బిల్లు. గాలివానొచ్చి కరెంటు పోయినా వంట ఆగదు. పైపు వచ్చే చోట దానికి మారడమే తెలివైన పని. దోసె కోసం ఐదు నిమిషాలు పెనం ముందు నిలబడే ఓపిక అందరికీ ఉండదు.

నర్సు_విద్యానగర్

పైప్ గ్యాస్ సౌకర్యంగా ఉంటుంది, ఒప్పుకుంటాను. కానీ ఈ చర్చ మొదలైంది పిల్లాడి ఉబ్బసంతో. ఏ గ్యాస్ అయినా మంట మండితే నైట్రోజన్ డయాక్సైడ్ పుడుతుంది. అది శ్వాసనాళాలను రెచ్చగొడుతుంది, ఉబ్బసం ఉన్న పిల్లలకు మరీను. 2021 లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీని వార్షిక పరిమితిని ఘనపు మీటరుకు 40 నుంచి 10 మైక్రోగ్రాములకు దించింది. గాలి ఆడని ఇరుకు వంటింట్లో రెండు బర్నర్లు వెలిగితే అక్కడ పోగయ్యేది తక్కువేం కాదు. స్టవ్ మారిస్తే ఈ వాయువు పోతుంది, అది నిజమైన లాభం.

పోపు ఘాటు, వేపుడు నూనె పొగ మాత్రం పోవు. అవి నూనె నుంచి, మిరపకాయ నుంచి వచ్చేవి. అందుకని ఇండక్షన్ పెట్టినా చిమ్నీయో ఎగ్జాస్ట్ ఫ్యానో ఉండాలి, అదీ గాలిని బయటకు తోసేది. వడగట్టి మళ్లీ లోపలికే వదిలే రకం మీకు వద్దు. మీ కిటికీ యుటిలిటీలోకి తెరుచుకుంటుందన్నారు కదా, ఎగ్జాస్ట్ గొట్టం యుటిలిటీ దాటి బయటకు పోయేలా పెట్టించండి. వండేటప్పుడు బాబును వంటింటి గుమ్మం దగ్గర కూర్చోబెట్టుకోవద్దు.

అన్నిటికన్నా ముందు ఇంట్లో దోమల చుట్ట, అగరొత్తులు ఉంటే ఆపేయండి. పిల్లలు పడుకునే గదిలో రాత్రంతా చుట్ట వెలిగించి, పొద్దున స్టవ్ గురించి ఆలోచించే ఇళ్లు చాలా చూశాను. చుట్ట పొగ చాలా చెడ్డది. దోమతెర కట్టండి. డాక్టరు రాసిన ఇన్‌హేలర్ మాత్రం స్టవ్ మార్చామని ఆపొద్దు.

ఫ్రీమాంట్_తెలుగు

కాలిఫోర్నియా నుంచి రాస్తున్నాను. మా పక్కనే ఉన్న బర్క్‌లీ 2019 లో కొత్త ఇళ్లకు గ్యాస్ లైను వద్దని చట్టం చేసింది. రెస్టారెంట్ల సంఘం కోర్టుకు వెళ్లింది, 2023 లో అప్పీలు కోర్టు చెల్లదంది. ఇక్కడ మామూలు సాకెట్ 120 వోల్టులు కాబట్టి ఇండక్షన్ రేంజ్ పెట్టాలంటే 240 వోల్టుల లైను వేరే వేయించాలి, కొన్ని ఇళ్లలో మెయిన్ ప్యానెలే మార్చాలి. స్టవ్ కన్నా ఆ పనికే ఎక్కువ అవుతుంది. మనకు ఇంట్లో ప్రతి సాకెట్ 230 వోల్టులే కావడం పెద్ద సౌలభ్యం. ఒక్క లైను వేస్తే పనైపోతుంది.

మేము మారాక నాకు బాగా నచ్చింది వంటగది వేడెక్కకపోవడం. హైదరాబాద్ మే నెలలో అది ఇంకా బాగా తెలుస్తుంది.

మల్కాజిగిరి_అద్దెకు

ఏఈ సార్, ఒక సందేహం. ప్రభుత్వం కరెంటు మీద వండమంటుంది, స్లాబేమో వండితే జరిమానా వేసినట్టుంది. దీనికి దారి లేదా?

రిటైర్డ్_ఏఈ_హనుమకొండ

మంచి ప్రశ్న బాబూ. నా అభిప్రాయం సూటిగా చెబుతాను. 200 గీత పెట్టింది ఎక్కువ వాడేవాడు ఉన్నవాడనే లెక్కతో. ఏసీల విషయంలో అది న్యాయమే. కానీ ఐదుగురున్న మధ్యతరగతి ఇల్లు గ్యాస్ మానేసి అన్నం వండుకుంటే దాన్నీ ఏసీ కిందే లెక్కగడుతోంది మీటరు. ఎలక్ట్రిక్ బండ్ల చార్జింగ్ స్టేషన్లకు తెలంగాణలో యూనిట్ 6 రూపాయల ప్రత్యేక కేటగిరీ ఉంది. వంటకు అలాంటిది లేదు. సిలిండర్‌కు రాయితీ ఇస్తూ, ఆ సిలిండర్ మానేసినవాడికి ఏమీ ఇవ్వకపోతే ఎవరూ మారరు. గ్యాస్ కనెక్షన్ వదులుకున్న ఇంటికి ఆ గీతను 300 దాకా జరిపినా చాలు, మారడానికి డబ్బు అడ్డం కాదు.

కొత్త టారిఫ్ ఖరారు చేసే ముందు విద్యుత్ నియంత్రణ మండలి అభ్యంతరాలు తీసుకుంటుంది, బహిరంగ విచారణ జరుపుతుంది. ఎవరైనా రాయొచ్చు, వచ్చి మాట్లాడొచ్చు. పరిశ్రమలవాళ్లు, రైతు సంఘాలవాళ్లు వస్తారు. గృహిణులు వచ్చి వంట కరెంటు గురించి అడగడం నా సర్వీసులో చూడలేదు. మీ బిల్లుల నకళ్లు జతచేసి రాయండి. లెక్క వేసి పెట్టమంటే నేను వేసిపెడతాను.

నిజాంపేట_ఫ్లాట్

అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు. మావారితో, అత్తయ్యతో కూర్చుని మాట్లాడుకున్నాం. ముందు దోమల చుట్టలు తీసేశాను. వైరింగ్ అన్న చెప్పినట్టు వేరే లైను, ఎర్త్ చూపించుకోవడం ఈ నెలలోనే. ఎగ్జాస్ట్ గొట్టం బయటకు. ఫ్యాన్లు మార్చి, మిగిలిన యూనిట్లతో అన్నం, పప్పు, ఇడ్లీ, పాలు కరెంటు మీద చేస్తాం. వేపుళ్లు, వంకాయ పచ్చడి గ్యాస్ మీద, అవి బాబు బడిలో ఉన్నప్పుడు. నెలకు వంద, రెండొందలు ఎక్కువైనా వాడికి ఆయాసం తగ్గితే పూర్తిగా మారిపోతామన్నారు మావారు.

రెండు చిన్న సందేహాలు మిగిలాయి. మాకు రెండు సిలిండర్ల కనెక్షన్ ఉంది, ఒకటి తిరిగి ఇచ్చేయొచ్చా? మా బిల్డింగ్‌లో ఇంకో నాలుగైదు ఇళ్లు కూడా మారదామంటున్నాయి. అందరం ఒకేసారి వేస్తే ఇబ్బందా?

పటమట_బెజవాడ

రెండో సిలిండర్ ఏజెన్సీలో ఇచ్చేయొచ్చండీ. కనెక్షన్ తీసుకున్నప్పుడు ఇచ్చిన వోచర్ మీద ఎంత డిపాజిట్ రాసి ఉంటే అంత తిరిగి వస్తుంది. 2022 జూన్ నుంచి కొత్తవాటికి 2200, మీది పాతదైతే తక్కువ ఉంటుంది. వోచర్ వెతికి పెట్టుకోండి. ఒకసారి ఇచ్చేసి మళ్లీ కావాలంటే ఇప్పటి రేటు కట్టాలి, అది ఆలోచించుకుని ఇవ్వండి.

రిటైర్డ్_ఏఈ_హనుమకొండ

మీ బిల్లు మీద కాంట్రాక్ట్ లోడ్ అని, ఆర్.ఎం.డి. అని రెండు అంకెలుంటాయి చూడండి. మొదటిది మీ కనెక్షన్‌కు మంజూరైన లోడు, రెండోది ఆ నెలలో మీరు ఒకే సమయంలో లాగిన గరిష్ఠ లోడు. పొద్దున ఏడింటికి 2 కిలోవాట్ల గీజరు, 2 కిలోవాట్ల ఇండక్షన్ కలిసి నడిస్తే అక్కడ 4 దాటుతుంది. కాంట్రాక్ట్ లోడ్ 3 ఉంటే నోటీసు వస్తుంది. నోటీసు వచ్చేదాకా ఆగకుండా అదనపు కిలోవాట్‌కు దరఖాస్తు చేసుకోండి. లేదంటే స్నానాలయ్యాక స్టవ్ వెలిగించండి, ఖర్చు లేని మార్గం అదే.

నాలుగైదు ఇళ్లయితే ట్రాన్స్‌ఫార్మర్‌కు ఏమీ కాదు. నలభై ఫ్లాట్లలో సగం మారతామంటే మాత్రం సంఘం తరఫున ముందే చూపించుకోవాలి. ఒక కాగితం మీద ఫ్లాట్ నంబరు, ఇప్పటి కాంట్రాక్ట్ లోడు, పెట్టబోయే స్టవ్ వాట్లు వరసగా రాసి, అధ్యక్షుడి సంతకంతో మీ సెక్షన్ ఏఈకి ఇవ్వండి. వేసవి లోడు మొదలవకముందే, అంటే జనవరి లోపు ఇస్తే ట్రాన్స్‌ఫార్మర్ మీద కొలత తీసుకుని చెబుతారు. ఇచ్చిన కాగితానికి రసీదు తీసుకోండి.